అన్న మగ్గం మీద ఏడు పోగులు

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ధైర్యం చేస్తున్నాను.

ధర్మవరంలో మాకు రెండు మగ్గాలు. ఒకటి అన్నది, ఒకటి నాది. అన్న జ్వరంతో పోయేనాటికి అతని మగ్గం మీద పట్టుచీర సగంలో ఉంది. వదిన దాన్ని కోయనివ్వలేదు. పిల్లలు లేరు. పెనుకొండలో తల్లి దగ్గరికి వెళ్లిపోతానంది. ఆమె పోతే నా నేతకు దారం కండెలు చుట్టేదెవరు? అప్పుడు నాకు తోచింది అదొక్కటే. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఎలుకలు కొరికో, ఎండకు బిగుసుకునో ఆ పడుగులో నిలువు పోగులు తెగేవి. వదిన లేవకముందే వాటిని అతకడం మొదలుపెట్టాను. అన్నది ఎడమచేతి వాటం. పోగు అతికేటప్పుడు చిటికెడు తడిబూడిద అద్ది, మెలిని అందరికీ ఎదురుదిక్కున తిప్పేవాడు. నేనూ అలాగే తిప్పాను. మొదటిరోజు వదిన ఆ అతుకు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది. అన్నే వచ్చి అతికాడనుకుని, సర్దుకున్న మూట విప్పేసింది.

నాలుగేళ్లు అలాగే గడిపాను. అప్పుడు ఆమె తల్లి పోయింది. వదిన మూడు రోజులకని పెనుకొండ వెళ్లింది. నేను ఇంటికి తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకుని, పట్టు కోసం హిందూపురం రైలెక్కాను. చూసేవాళ్లు లేరు కదా అని, తెగిన ఏడు పోగులూ అలాగే వదిలేశాను.

తిరిగొచ్చి తలుపు తీశాను. ఏడూ అతికి ఉన్నాయి. ఎదురు మెలి. బూడిద ఇంకా చెమ్మగా ఉంది. నాలుగేళ్లు అనుకరించినా నా వేళ్లకు ఆ నునుపు ఒక్కసారీ రాలేదు. నిలబడినచోటే చేతులు జోడించాను. భయమా? కాదు. చిన్నప్పుడు అన్న నా వెనక నిలబడి చేతులు పట్టుకుని పని నేర్పుతుంటే వీపుకు తగిలిన వెచ్చదనం, అదే మళ్లీ తగిలింది. ఏడ్చాను.

సాయంత్రానికి బూడిద ఆరి, ఆ ఏడూ పాత అతుకుల్లో కలిసిపోయాయి. అప్పుడే వదిన వచ్చింది. మూట కింద పెట్టకుండానే అడిగింది.

“నేను ల్యాకుండా మీ యన్న వచ్చినాడా అప్పా?”

“రాల్యా వదినా.”

“నేనుంటేనే వస్తాడు. ఇంగ యాడికీ పోను.”

ఎందుకలా అన్నాను? నిజం చెబితే ఆ నునుపును పాత అతుకులతో పోల్చి చూస్తుందని, నా దొంగచేతులు బయటపడతాయనా? లేక, అన్న నాకోసమే వచ్చాడు, ఆమెకు పంచడమెందుకనా? రెండూ. నాలుగేళ్లు రాని మనిషిని వస్తున్నాడని నమ్మించినవాణ్ణి, వచ్చిన ఒక్కనాడు రాలేదన్నాను.

వదిన మళ్లీ ఊరు దాటలేదు. తన తమ్ముడి పెళ్లికి కూడా పోలేదు. ఆ మగ్గం పక్కనే కూర్చుని ఎనిమిదేళ్లు నాకు కండెలు చుట్టింది. పోయిన నెల కన్నుమూసింది. చివరిరోజు పక్కనే ఉండి కూడా చెప్పలేకపోయాను. క్షమించమని ఇప్పుడు ఎవరిని అడగను? ఆమెకు దక్కాల్సిన మాటను మీ చేతిలో పెడుతున్నాను, గుండె కొంచెం తేలికపడుతోంది.

వచ్చాడు వదినా. నువ్వు లేనప్పుడే వచ్చాడు.