వడ్రంగి తట్టిన తలుపు

అత్యవసర సహాయ దళంలో చేరి మూడు నెలలైనా వడ్రంగికి అప్పజెప్పినవి రెండే పనులు: స్ట్రెచరు ఒక కొస పట్టుకోవడం, తాళ్లు చుట్టిపెట్టడం. జీతం లేని ఆ కొలువు కోసం వారానికి రెండు రోజులు దుకాణం మూస్తుంటే భార్య ఊరుకోలేదు. "మనింటి కిటికీ రెక్క ఊడి ఆర్నెల్లయింది. దానికీ ఫోన్ చేసి పిలవాలా నిన్ను?" అంది. ఆయన నవ్వేశాడు. మనుషులు ఆపదలో ఎలా చిక్కుకుంటారో, ఎలా బయటపడతారో దగ్గరుండి చూడాలన్న ఆరాటం ఆయనది.

ఆ ఉదయం ఫోనొచ్చింది. మూడో అంతస్తులో ఒక పెద్దావిడ స్నానాలగదిలో జారిపడింది. లోపల గడియ వేసి ఉంది. కాలు కదలడం లేదు, లేవలేకపోతోంది. వీళ్లు వెళ్లేసరికి కూతురు తలుపు ముందు ఏడుస్తోంది.

దళానికి పెద్ద ఒక బడిపంతులమ్మ. తలుపును ఎగాదిగా చూసి, "గునపం అందుకోండి. రెండు పోట్లు చాలు," అంది.

వడ్రంగి అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని, తలుపును వేలి కణుపుతో పైనుంచి కిందికి తడుతున్నాడు. పైన డొల్లగా మోగింది. కింది పలక దగ్గర మోత చచ్చిపోయింది. ఎందుకలా?

"ఏమయ్యా, పుచ్చకాయ కొంటున్నావా?" అంది పంతులమ్మ.

"ఒక్క నిమిషం మేడమ్." చెవి తలుపుకు ఆనించాడు. "అమ్మా, నేను తట్టేది మీకెక్కడ తెలుస్తోంది?"

లోపలినుంచి నీరసంగా జవాబొచ్చింది. "వీపు మీద నాయనా."

పంతులమ్మ గునపాన్ని గోడకు ఆనించింది. తలుపు లోపలికి తెరుచుకునేది. పొడిచి ఉంటే ఆ విసురంతా పెద్దావిడ నడుం మీదే పడేది.

వడ్రంగి పై పలక చుట్టూ ఉన్న సన్న బద్దల్ని ఉలితో ఒక్కొక్కటే లేపాడు. "త్వరగా అన్నయ్యా!" అని కూతురు వెనకనుంచి తొందరపెట్టినా ఆయన చెయ్యి తడబడలేదు. పలక ఊడి వచ్చింది. అందరిలోకీ సన్నగా ఉన్న పంతులమ్మే స్టూలెక్కి, కింద ఉన్నావిడకు కాలు తగలకుండా అవతలికి దిగింది. పెద్దావిడను మెల్లగా పక్కకు జరిపి గడియ తీసింది.

స్ట్రెచరు మీద పడుకోబెట్టాక పెద్దావిడ వడ్రంగిని దగ్గరికి పిలిచింది.

"ఆ తట్టింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"అంతసేపు తట్టడమెందుకు నాయనా? తలుపుకి ఆనుకుని కూచున్నావా అని అడిగితే చెప్పేదాన్నిగా!"