రెండో రికార్డులో పూలు

మొన్న ఆదివారం అల్వాల్‌లోని మా ఫ్లాట్‌లో నేను చిన్నప్పుడు విన్న, కొండలూ పూలూ జంతువులూ వాద్యాల్లోనే వినిపించే ఒక పెద్ద పాశ్చాత్య సింఫనీని మనవరాలు ఎంతో ప్రేమగా ఫోన్‌లో వెతికి పెట్టింది కానీ, ప్రశాంతంగా విననిస్తేనా! కొండలు మేలుకునే చోట బిస్కెట్ల ప్రకటన, జంతువులు గెంతే చోట షాంపూ ప్రకటన. అవన్నీ ఓర్చుకున్నాను. కొండల తర్వాత రావలసిన నిదానమైన వీడ్కోలు రాకుండా పూలు ముందే తోసుకొచ్చేస్తే, పోనీలే ఫోన్ తప్పనుకున్నాను. తీరా ఆ వీడ్కోలు చిట్టచివర వచ్చింది, అక్కడితో అయిపోయిందట! ఒళ్లు మండిపోయింది.

"గిదే కరెక్ట్ ఆర్డర్ అమ్మమ్మా, మీరే అప్పుడు ఉల్టా విన్నరు," అంది.

మా బోయిగూడ ఉమ్మడి ఇంట్లో ఉల్టా ఏమీ లేదు. బొల్లారం మిలిటరీ బ్యాండులో క్లారినెట్ వాయించే మా పెదనాన్నకు, బదిలీ మీద వెళ్లిపోతూ ఒక ఆఫీసరు ఈ సింఫనీ ఉన్న రెండు పెద్ద గ్రామఫోన్ రికార్డులిచ్చి, ప్రకృతి గురించి, బతుకు గురించి అందులో ఎక్కడేముందో చెప్పి వెళ్లాడు. అప్పటినుంచి ఆదివారం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ చాపల మీద కూర్చోవలసిందే. బాబాయి గురకపెట్టేవాడు, పెద్దమ్మ చింతపండులో గింజలు తీస్తూ వినేది. మొదటి రికార్డు రెండు వైపులా, తర్వాత రెండోది రెండు వైపులా. ఎవరైనా అలాగే కదా వేస్తారు! అవి ఒకదాని మీద ఒకటి తమంతట తామే పడే మిషన్ కోసం చేసినవని, అందులో ముందు రెండిటి పైవైపులు, తర్వాత కట్టంతా తిప్పితే వెనకవైపులు మోగుతాయని, మొదటిదాని వెనక ఉన్నది నిజానికి ఆఖరి భాగమని మొన్న మా అల్లుడు, నేను అడగకపోయినా, విడమరిచి చెప్పాడు. అందుకే మా ఇంట్లో కొండలు మేలుకోగానే లోకం వీడ్కోలు చెప్పేసేది, ఆ తర్వాతే పూలు, జంతువులు, ఒక ఆడమనిషి గొంతు, చివర్న గంటలతో పాటు పిల్లల పాట.

పెద్దమ్మ హఠాత్తుగా పోయింది. కర్మకాండ ముగిశాక వచ్చిన మొదటి ఆదివారమే పెదనాన్న రికార్డు పెట్టారు. చావు జరిగిన ఇంట్లో ఇదేం విడ్డూరమని బంధువులు చెవులు కొరుక్కున్నారు. వీడ్కోలు భాగం వచ్చేసరికి అందరం ఏడ్చాం, ఆయనా ఏడ్చారు. అది ఆగగానే కళ్లు తుడుచుకుంటూ లేవబోయిన బాబాయిని పెదనాన్న చెయ్యి పట్టుకుని ఆపారు.

"యాడికి పోతవ్, కూసో. ఇంకా పూలు రాలే."

లేచి రెండో రికార్డు పెట్టారు. పిల్లల పాట అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. ఆ సాయంత్రమే ఆయన అన్నం అడిగి తిన్నారు.

మా వారు పోయి ఏడాదవుతోంది. మొన్న నేను పాత ముచ్చట కోసం వినలేదు, ఆ పూల కోసం విన్నాను. సరైన వరుసలో వాటి వంతు వీడ్కోలుకు ముందే ఎప్పుడో అయిపోయింది. రాసిన మహానుభావుడికి తన వరుస తెలియదంటానా, మనవరాలిని తప్పుపడతానా? ఈ రోజుల్లో వెతికితే ప్రతిదీ సరిగ్గా, ఉన్నదున్నట్టు దొరుకుతోంది. ఏడుపయ్యాక లేవబోయే మనిషిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేవాళ్లే దొరకడం లేదు.