అహరోను పుట్టి నీటికి పనికిరాదట!

లోపం లేని పుట్టిని ‘నీటికి పనికిరాదు’ అని అచ్చువేశారు. దాన్ని అల్లినవాడు పుంగనూరు అహరోను. వెదురు అల్లి, తోలు కప్పిన గుండ్రని పుట్టిలో ముప్పై ఏళ్లుగా జనాన్ని చెరువులు దాటిస్తున్న మనిషి.

కలకత్తాలో నది మీద ఏటా జరిగే అంతర్జాతీయ పడవల ప్రదర్శనకు, 1949లో, కుప్పంలో రైలెక్కించి పుట్టిని తీసుకువెళ్లాడు. నిర్వాహకులు దాన్ని తమ నావికుడికి అప్పగించారు. పుట్టిని ముందువైపు కూర్చుని, నీటిని తనవైపు లాక్కుంటూ నడపాలి. అతడు పడవ అలవాటుకొద్దీ వెనుక కూర్చుని తెడ్డు వేశాడు. పుట్టి ఉన్నచోటే గిరగిర తిరిగింది. గట్టున జనం నవ్వారు.

“ముందరికొచ్చి కూసోమనప్పా! లేదంటే తెడ్డు నాకియ్యమను, దాటించి సూపిస్తా” అని గట్టున కట్టిన తాడు ఇవతలి నుంచి అహరోను మొత్తుకున్నాడు.

“కూలోళ్లు తాడు దాటకూడదంట. ఊరికే ఉండప్పా, నా పరువు తీస్తాండావు” అని మదనపల్లె నుంచి దుబాసిగా వెంట వచ్చిన గుమాస్తా కసిరాడు.

ప్రదర్శన పుస్తకంలో ‘నీటికి పనికిరాదు’ అన్న మాట వచ్చాక అహరోనును పుట్టి అడిగినవారే లేరు. ఆ పుస్తకం, రైలు రసీదు, ప్రవేశపత్రం నా వద్ద భద్రంగా ఉన్నాయి.

నిర్వాహకులారా, వచ్చే ఏడు అహరోను చేతికి తెడ్డు ఇవ్వండి. ఆయన ఆవలిగట్టు చేరాక, మీ తీర్పు తప్పని మీరే అచ్చువేయండి.