చేప దవడ పట్టుకుని పొందూరుకి

చీర కోసం ఊరెళ్ళేవాళ్ళు చేతిసంచి తీసుకెళ్తారు. మేం స్టీలు క్యారియర్‌లో నాలుగు చేప దవడలు తీసుకెళ్ళాం. ఎందుకో ముందే చెప్పకపోతే ఈ ప్రయాణం మీద మీకు గౌరవం కలగదు. చెప్పాక కలుగుతుందన్న హామీ కూడా నేనివ్వలేను.

మా ఆవిడ సత్యవతి గాజువాక వైపు ఒక బడిలో లెక్కల టీచరు. ఆ నెలాఖరుకి రిటైరవుతోంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఉతికి ఆరేస్తే చాలు, ఇస్త్రీ అడగని చీరలు కట్టుకుని బడి బెల్లు వెనకాల పరిగెత్తింది. దిగిపోయే రోజున మాత్రం చేత్తో వడికిన నూలుతో, చేత్తో నేసిన చీర కట్టుకోవాలని కోరిక. మాది గోదావరి జిల్లా, ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఇటొచ్చి స్థిరపడ్డాం. అందుకని ఉప్పాడ చీర కొంటానన్నాను. ఉప్పాడది పెళ్ళిళ్ళకి బాగుంటుందనీ, ఇన్నేళ్ళు ఉత్తరాంధ్ర ఉప్పు తిన్నాం కాబట్టి పొందూరు చీరే కట్టుకుంటాననీ అంది. ఉప్పు దగ్గర ఉప్పాడ కరిగిపోయింది.

తెలిసినవాళ్ళ ద్వారా పొందూరులో సింహాచలం అనే నేతగాడికి చెప్పాం. చీరంతా అయిపోయింది, పల్లూ దగ్గర ఆగింది అని ఒక రోజు ఆయన ఫోను చేశాడు. కారణం నూలు. పొందూరు సన్ననూలు రహస్యం చేప నోట్లో ఉంది. పత్తిని గింజ తియ్యకముందే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ ఎముక నిండా గుచ్చీ గుచ్చని సన్నటి పళ్ళు వరసలు వరసలుగా ఉంటాయి. నలకా చెత్తా రాలిపోయి పీచు మెత్తగా విచ్చుకుంటుంది. మా చీరకి నూలు వడుకుతున్న ఆదెమ్మగారి దగ్గరున్న దవడ అరిగిపోయింది. పళ్ళు లేక మా పల్లూ ఆగిందన్నమాట. కొత్తవి గోదావరి వైపు నుంచి రావాలి, ఈసారి ఇంకా రాలేదు.

"మీది గోదారే గదా బాబూ. వచ్చేటప్పుడు ఒకటి అట్టుకొచ్చెయ్యండి" అన్నాడు సింహాచలం.

గోదారి పేరెత్తితే నాకు వెనకా ముందూ కనపడవు. ఒకటేమిటి, నాలుగు తెస్తానన్నాను.

మాట ఇచ్చాక సెలవు దొరకలేదు. నాతో పనిచేసే నూకరాజుది యారాడ. వాళ్ళన్నదమ్ములు ఇప్పటికీ సముద్రం మీద చేపల వేటకెళ్తారు. నా బాధ విని నవ్వాడు.

"సేప దవడకి రాజమండ్రి ఎల్తావేటి బావా, సముద్రాన్ని ఇంటిముందెట్టుకుని? నాను తెత్తాను."

వాలుగ ఏటి చేప అని నాకు తెలుసు. కానీ ఎంత గోదారైనా చివరికి కలిసేది సముద్రంలోనే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. రెండ్రోజుల్లో నూకరాజు నాలుగు కోనాం చేప దవడలు కడిగి, డాబా మీద ఎండబెట్టి తెచ్చాడు. చూస్తేనే భయం వేసే పళ్ళు. నా పళ్ళ డాక్టరు చూస్తే వాటి పక్కన నన్ను నిలబెట్టి చివాట్లు పెట్టేవాడు.

రెండో శనివారం తెల్లవారుతూనే కూర్మన్నపాలెంలో బస్సెక్కి విశాఖ స్టేషన్ చేరాం. పలాస వెళ్ళే పాసింజరు ఆరు దాటాక కదిలింది. టిక్కెట్టు ధర తక్కువ, దాని కోసం నిలబడే వరస ఎక్కువ. మీరు కాస్త ముందుగా వెళ్ళండి. ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీలు సింహాచలం స్టేషన్ దాటాక తిన్నాం. అప్పటిదాకా క్యారియర్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, అదే నేను చేసిన తప్పు. నేను మొదట తెరిచింది ఇడ్లీలది కాదు.

కొత్తవలస వచ్చేసరికి వాసన మా బల్ల దాటి ఎదురు బల్లకి చేరింది. సత్యవతి లేచి అవతలి కిటికీ దగ్గర కూర్చుంది. ఖాళీ తట్టలతో చీపురుపల్లి వెళ్తున్న ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, నన్ను చూపిస్తూ, "ఆయన మీ తాలూకాయేనా అమ్మా?" అని అడిగింది.

"ఇంకా తేల్చుకోలేదండి" అంది సత్యవతి.

ఎండుచేపలు బేరానికి తీసుకెళ్తున్నాననుకుని ఆవిడ ధర అడిగింది. బేరానికి కాదు, వీటితో చీర వస్తుంది అని విడమరిచి చెప్పాను. పెట్టెలో సగం మంది విన్నారు. పైబల్ల మీద పడుకున్నాయన తల కిందికి వంచి, "పాత సీరలకి స్టీలు గిన్నెలిత్తారు గానీ, సేప ముళ్ళకి కొత్త సీరలిచ్చీ ఊరు ఎక్కడుందండీ? మా ఆవిణ్ణి కూడా అట్టుకెల్తాను" అన్నాడు. విజయనగరం దాకా అందరూ నవ్వుతూనే ఉన్నారు. తట్టల ఆవిడ చీపురుపల్లిలో దిగుతూ, వెళ్ళిన పని కావాలని దీవించింది. అయితే ఆ దీవెన సత్యవతికి మాత్రమే.

పొందూరు స్టేషన్ ఊరికి కొంచెం ఎడంగా ఉంటుంది. బయట షేరాటోలుంటాయి, నడవాలని సరదాపడకండి. పదింటికల్లా సింహాచలం ఇంట్లో ఉన్నాం. వాకిట్లోంచే మగ్గం చప్పుడు వినిపిస్తుందనుకున్నాను. వినపడలేదు. మా చీర వల్లే ఆ మగ్గం మూగబోయిందని లోపలికెళ్ళాక అర్థమైంది.

గుంట మగ్గం మీద పరిచి ఉంది చీర. మీగడ రంగు నేత, అంచున సన్నటి ఎర్ర గీత. పడుగు పోగులు చివర ఖాళీగా ఎదురుచూస్తున్నాయి. సత్యవతి చేయి తిప్పి, వేళ్ళ వెనక భాగంతో ఒక్కసారి తాకింది. బడిలో పిల్లలు జ్వరమని చెబితే నుదురు అలాగే తాకి చూస్తుంది. లెక్కల టీచరు మౌనంగా ఉందంటే జవాబు సరిపోయిందని అర్థం.

ఆదెమ్మగారిని పిలిపించారు. పక్కవీధి నుంచి దూది బుట్ట చంకన పెట్టుకుని వచ్చింది. నేను క్యారియర్ మూత తీశాను. ఎక్కడి నుంచో రెండు పిల్లులు కూడా వచ్చాయి. ఆదెమ్మగారు ఒక దవడ ఎత్తి చూసి, దాంతో పాటు గుప్పెడు పత్తి మా ఆవిడ చేతిలో పెట్టింది.

"నువ్వే దువ్వి సూడమ్మా."

సత్యవతి దువ్వింది. పత్తి విచ్చుకోలేదు, ముక్కలు ముక్కలుగా తెగి నేలపాలైంది. రెండోసారికి వేలు గీసుకుంది. ఆదెమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. గోదారి సముద్రంలో కలుస్తుందన్న నా సిద్ధాంతం వివరించాను.

"నీళ్ళు కలిసిపోతే సేపలు కూడా కలిసిపోతాయేటి బాబూ?" అన్నాడు సింహాచలం.

తర్వాత ఆయనే గొంతు తగ్గించి ఇంకో దారి చూపించాడు. సన్నటి మిల్లు నూలు ఇంట్లో ఉంది. పల్లూ దాంతో దించేస్తే ఎల్లుండికల్లా చీర మా ఇంట్లో ఉంటుంది. వందమందిలో ఒక్కరు కూడా పట్టుకోలేరు. మోసం కాదు, అడిగినవాళ్ళకి అలాగే చేసిస్తాడట. ఇది నా పాలిట దేవుడి మాటలా తోచింది. సరేనండి అనేశాను కూడా. సత్యవతి నా సరే వినిపించుకోకుండా ఆదెమ్మగారి వైపు తిరిగింది. సోమవారానికి వాలుగ దవడ చేతికొస్తే నెలాఖరుకి అవుతుందా అని అడిగింది.

"దవడొత్తే కూకుంటాను. అవుద్దని మాత్రం సెప్పనమ్మా. పత్తికి తొందర తెలీదు."

"నాకూ ఇంక తొందర అవసరం లేదులెండి" అంది మా ఆవిడ. "ఆగుతాను. అందితే కట్టుకుంటాను, అందకపోతే రోజూ కట్టే చీరలోనే దిగిపోతాను."

ఆ ఇంట్లో మజ్జిగ తాగుతుంటే నన్నడిగింది, మీ చెల్లెలు ధవళేశ్వరంలోనే ఉంది కదండీ అని. నాకు మజ్జిగ అడ్డం పడింది. నేను వెళ్ళిన ప్రతిసారీ చెల్లెలు వాలుగ పులుసు పెడుతుంది. ఇంటికి పెద్దన్నయ్యనని తలకాయ ముక్క నాకే వేస్తుంది. చిన్నప్పటి నుంచీ ఆ దవడలు చప్పరించి పారేస్తూనే ఉన్నాను. ఎంతమంది ఆడవాళ్ళ చీరలు అలా విస్తరి పక్కన పోగేశానో లెక్కల టీచరు కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం బజారులో భోజనం చేసి, వచ్చిన దారినే రైల్లో విశాఖ వచ్చాం. కోనాం దవడల్లో మూడు పిల్లుల పరమయ్యాయి. నాలుగోది దిష్టికి గుమ్మానికి కడతానని సింహాచలం ఉంచుకున్నాడు. సాయంత్రం రాజమండ్రి వైపు వెళ్ళే బండెక్కాం. దువ్వాడలో సత్యవతి దిగింది, నేను దిగలేదు. కిటికీలోంచి ఖాళీ క్యారియర్ అందించి, "చేప ఎంతైనా తినండి. తల జోలికి మాత్రం వెళ్ళకండి" అంది. బండి కదిలాక చెల్లెలికి ఫోను చేసి తల వండొద్దన్నాను. "తల లేకుండా పులుసు తింటావా? ఒంట్లో బాగానే ఉందా అన్నయ్యా?" అని కంగారుపడింది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో క్యారియర్ నా ఒళ్ళోనే ఉంది. అందులో కడిగి ఎండబెట్టిన వాలుగ దవడ, నిమ్మకాయ చెక్కలతో రుద్ది మరీ. తునిలో కూడా ఎవరూ ముక్కు మూసుకోలేదు. నేనే మాటిమాటికీ మూత తీసి ఆ సన్నటి పళ్ళు వేలితో తడిమి చూసుకున్నాను. నేను పాతికేళ్ళుగా పోతపోసిన ఉక్కులో ఇంత పనితనం ఉందా అని అనుమానం వచ్చింది. సోమవారం ఉదయం దాన్ని బస్సు పార్సిల్‌లో పొందూరు పంపించాం.

మీరూ వెళ్ళాలనుకుంటే పాసింజరు హాయి, ఇడ్లీ క్యారియర్ విడిగా పెట్టుకోండి. చీర త్వరగా కావాలంటే మాత్రం వేరే ఊరు చూసుకోండి.

చీర ఆఖరి రోజుకి ముందు సాయంత్రం వచ్చింది. సత్యవతి విప్పి, పల్లూ దాకా చూసి, మళ్ళీ మడతపెట్టింది. రేపంతా దండలూ పన్నీరూ ఉపన్యాసాలూ హడావుడి, ఈ చీరకి అది పడదు అంది. రోజూ కట్టే నీలం చీరలోనే వెళ్ళి దిగిపోయి వచ్చింది. ఆ మర్నాడు, సరిగ్గా బడి బెల్లు కొట్టే వేళకి, పొందూరు చీర కట్టుకుని బాల్కనీలో కూర్చుని కాఫీ చల్లారేదాకా తాగింది. నేను పక్కన కూర్చుంటే పల్లూ చివర నా వైపు చాపి, వాసన చూడమంది.

చూశాను. చేప వాసన లేదు. నా శ్రమకి గుర్తుగా రవ్వంతైనా ఉంటుందనుకున్నాను.