బస్సు దిగడం నేర్చుకున్న రోజు

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ రోజుల్లో ఒకసారి, నేను దిగవలసిన ఊరు దాటి బస్సు ముందుకు వెళ్లిపోయినప్పుడు, నాకు భయంతోపాటు కొంచెం సంతోషం కూడా కలిగింది. అవతలి పొలాలూ మా పొలాల్లాగే పచ్చగా ఉన్నాయి కానీ, వాటిని ఒంటరిగా చూడటం అదే మొదలు. (ఈ మాట డైరీలో కూడా రాయలేదు. అమ్మకు చదువు రాదు కానీ, ఎవరితోనైనా చదివించుకునే నేర్పు ఉంది.)

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే దారిలో, నేరేడుచర్ల దాటాక, హుజూర్‌నగర్ రాకముందు మా ఊరు. అక్కడ బస్సు దానంతట అది ఆగదు, దిగేవాళ్లు కేక వేయాలి. నేనేమో ఇంట్లో మారు అన్నం అడగడానికి కూడా సందు చూసుకునే పిల్లను. పదో తరగతి పాసయ్యాక, మిర్యాలగూడ కాలేజీలో చేరతానని ఎలాగో నోరు విప్పితే నాయన షరతు పెట్టాడు. “మిర్యాలగూడల మీ మేనత్త ఇంటికి ఒక్కదానివే పోయి, ఒక్కదానివే రా. వస్తే కాలేజీ. లేకుంటే ఇగ ఇంట్లనే.”

ఆ రోజు నుంచి వాకిట్లో నులకమంచం బస్సయింది. అమ్మ కండక్టరు. “అగో, మన ఊరొచ్చె! దిగేటోల్లు ఎవరన్న ఉన్నరా?” అనేది మంచం కోడు పట్టుకుని. నేను “కొంచెం ఆపండి” అనేదాన్ని. మంచం మీద పడుకుని ఉన్న నాయనమ్మ (ప్రయాణికుల లెక్కలో ఆమె కూడా ఉంది) లేచి కూర్చునేది. “గట్ల పుస్తకం సదివినట్టంటే బస్సెందుకు ఆగుతదే? చేన్ల పడ్డ బర్రెను అదిలించినట్టు అరువు!” మళ్లీ అన్నాను. “ఈసారి పక్కనున్న నాకే ఇనబడలే,” అంది నాయనమ్మ. అమ్మ జాలి లేకుండా “రైట్ రైట్” అంది.

వెళ్లడం సులువే, మిర్యాలగూడలో అందరూ దిగుతారు. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన సీటు దొరికింది. నాట్లు పడిన మళ్లలో ఆకాశం ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంది. కండక్టరు పైనున్న తాడు ఒకసారి లాగితే బస్సు ఆగుతోంది, రెండుసార్లు లాగితే కదులుతోంది. ఆ గంట వింటూ, కాలేజీలో పుస్తకాల గది ఎంత పెద్దదో ఊహించుకుంటూ ఉండగానే మా ఊరొచ్చింది. నాయన సైకిలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. గొంతు దాకా వచ్చిన కేక అక్కడే కూర్చుండిపోయింది. ఏం చేయాలో తోచక నాయనకు చెయ్యి ఊపాను. పాపం, ఆయనా ఊపాడు. తర్వాత ఆయన ముఖం మారడం దుమ్ములోంచి కనిపించింది.

“ఏం బిడ్డా, నీ ఊరు ఎనకనే పాయె గద! నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా?” అన్నాడు కండక్టరు.

హుజూర్‌నగర్‌లో దిగి, కోదాడ నుంచి వెనక్కి వచ్చే బస్సెక్కాను. సగం దారిలో కిటికీలోంచి చూస్తే నాయన! పంచె ఎగ్గట్టి, తల వంచి, నన్ను వెతుక్కుంటూ హుజూర్‌నగర్ వైపు సైకిలు తొక్కుతున్నాడు. “నాయినా” అని పెదవులు కదిలాయి, అంతే. జీవితమంతా ఇలా ఒకరినొకరం దాటుకుంటూ పోతామేమోనని దిగులేసింది. ఊరు కనబడగానే లేచి, మాటా పలుకూ లేకుండా, ఆ తాడు ఒక్కసారి లాగాను. బస్సు ఆగింది.

“ఏమ్మాయ్, గంట కొట్టాల్సింది నువ్వా నేనా? జీతం కూడా నువ్వే తీసుకో!” కోదాడ కండక్టరు అరిచాడు. బస్సంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే దిగాను.

పొద్దుగూకే వేళకు నాయన చెమటలు కక్కుతూ వస్తే అమ్మ గడపలోనే అంది. “పిల్ల ఎప్పుడో వచ్చింది. తప్పిపోయింది నువ్వే.” నేను తలుపు వెనక నిలబడ్డాను. ఒక్కదాన్నే వచ్చాను, నిజమే, కానీ ఊరు దాటి వచ్చాను. దాన్ని రావడం అంటారో లేదో!

ఇప్పుడు సూర్యాపేటలో ఉద్యోగానికి బస్సెక్కినప్పుడల్లా ఆ మూగపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. కాలేజీ ఉన్నన్నాళ్లూ సాయంత్రం బస్సు వేళకు నాయన, ఎవరి పొలమో చూస్తున్నట్టు, వీపు ఇటు తిప్పి నిలబడేవాడు. నేనూ చూడనట్టే నడిచేదాన్ని. కొంచెం వెనకగా సైకిలు చప్పుడు ఇంటిదాకా వచ్చేది. నేను ఊరు దాటి వచ్చిన ఆ సాయంత్రం మాత్రం చెంబెడు నీళ్లు గటగటా తాగి, ఎంతో కటువుగా అన్నాడు:

“కాలేజీకి పో. కని ఇగ నీ కోసం ఎవ్వరూ రోడ్డు మీదికి రారు. నీ అంతట నువ్వే రావాలె, సూడు.”