మూడు శాలువాలు, ఒక టిన్ విజిల్

తొంభైల తొలి సంవత్సరాల్లో, ఒక వానాకాలం మొదట్లో, నన్ను బాలానగర్ షెడ్డు నుంచి పటాన్‌చెరు యూనిట్‌కు నాణ్యతా విభాగం ఇన్‌చార్జిగా బదిలీ చేశారు. హోదా పెరిగింది, జీతం పెరగలేదు, చుట్టూ ఉన్న రసాయన ఫ్యాక్టరీల పుణ్యమా అని ముక్కుకు మాత్రం పని పెరిగింది. ఆ రోజుల్లో పటాన్‌చెరులో ఉద్యోగం చేసినవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. గాలి ఎటునుంచి వీస్తోందో తెలుసుకోవడానికి మాకు జెండా అవసరం ఉండేది కాదు.

మా యూనిట్ ట్రాన్సిస్టర్ రేడియోలకు ఏంటెన్నాలు చేసేది. పల్చటి ఇత్తడి గొట్టాలను కోసి, ఒకదానిలో ఒకటి దూరేలా సైజు చేసి, నికెల్ పూత పూసి పంపడం మా పని. ఇంటింటికీ టీవీలు వచ్చి రేడియోల నోరు మూయించాక ఆ గొట్టాలకు గిరాకీ పడిపోయింది. రెండో షిఫ్టు ఎత్తేస్తారన్న మాట గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చెప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా ఆ సమయంలో మా ఎండీ గారు మద్రాసులో ఒక ఎగుమతి ఏజెంటును పట్టుకుని, విదేశీ కంపెనీ ఒకదానికి టిన్ విజిళ్ళు చేసిపెట్టే బేరం కుదుర్చుకొచ్చారు.

టిన్ విజిల్ అంటే పోలీసు ఈల కాదు. జానెడు కంటే పొడవైన లోహపు గొట్టం, ముందు ఆరు రంధ్రాలు, పైన నోట్లో పెట్టుకునే మూతి. దాన్ని నిలువుగా పట్టుకుని ఊదుతారు. మన పిల్లనగ్రోవికి దూరపు చుట్టం. పేరులో ఉన్న తగరం ఎప్పుడో పోయింది, మాది ఇత్తడే. ఆ దేశాల్లో బడిపిల్లల దగ్గర్నుంచి కచేరీలు చేసేవాళ్ళ దాకా అందరూ కొనే చవక వాద్యమట. చవక అన్న మాట చెవిన పడగానే ఎండీ గారికి అది మన కోసమే పుట్టిందని నమ్మకం కుదిరింది.

కొనుగోలుదారు డ్రాయింగుతో పాటు ఒక మాదిరి విజిల్ పంపాడు. షరతు ఒకటే. మేము చేసిన నమూనాలను అనుభవమున్న సంగీతకారుల చేత వాయించి, వాళ్ళ అభిప్రాయాలు జతచేసి పంపాలి. అవి చూసి, నమూనాలు ఊది, నచ్చితేనే ఆర్డరు.

మాదిరి విజిల్ వచ్చిన రోజే మా డ్రాయింగ్ ఆఫీసు వాళ్ళు దాన్ని నిలువునా రెండు ముక్కలు కోశారు. లోపల గాలి వెళ్ళే దారి కొలవాలంటే కోయక తప్పదని వాళ్ళ వాదన. మా వృత్తిలో అది తప్పు కూడా కాదు. కొళాయి వచ్చినా, వాల్వు వచ్చినా ముందు కోసి చూస్తాం. దాని ఫలితంగా ఫ్యాక్టరీలో ఒక్కరూ ఆ విజిల్ గొంతు వినలేదు. గోడ మందం ఎంతో, రంధ్రం వ్యాసం ఎంతో అందరికీ తెలుసు. అది ఎలా పలుకుతుందో ఎవరికీ తెలియదు.

నమూనాలు తయారవుతుండగా రెండో షిఫ్టు చార్జ్‌హ్యాండ్ యాదమ్మ నా గదికి వచ్చింది. చార్జ్‌హ్యాండ్ అంటే ఫోర్‌మన్‌కు కింద, కార్మికులకు పైన. తిట్లు రెండు వైపుల నుంచీ పడే హోదా. ఆమె చేతి కింద ఫినిషింగ్ బెంచీ ఉండేది. కాజీపల్లి వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళు ఆ బెంచీ మీద కూర్చుని, కోసిన ప్రతి గొట్టం అంచునూ ఆకురాయితో, ఎమరీ కాగితంతో నున్నగా చేసేవారు.

"సార్, గీ ఈలల పని అయితదా, కాదా? ఇది గిన పోతె ముందుగాల మా బెంచే లేపుతరంటున్నరు. నాకొక్కదానికి కాదు, అందరికీ ఇంట్ల కిరాయి కట్టేది గీ జీతంతోనే" అంది.

అవుతుందని చెప్పాను. ఇన్‌చార్జిలు అలాగే చెప్పాలి. ఆమె నమ్మలేదని మాత్రం తెలుస్తూనే ఉంది.

అభిప్రాయ సేకరణ బాధ్యత ఎండీ గారు స్వయంగా తీసుకున్నారు. మనిషి మంచివాడు. ఎవరినైనా ఇంటికి పిలిస్తే ముందు కడుపు నింపి, తర్వాత విషయం మాట్లాడే రకం. ముగ్గురిని పిలిపించారు. ఒకరు దగ్గర్లోని టౌన్‌షిప్‌లో పిల్లలకు వేణువు నేర్పే శర్మ గారు. రెండోవారు సంగారెడ్డిలో పెళ్ళి బ్యాండు నడిపే జహంగీర్ మాస్టర్, క్లారినెట్ ఆయన చేతిలో ఉంటే బరాత్ గుర్రం కూడా అడుగు తప్పదని పేరు. మూడోవారు ప్రభుదాస్ సార్, బడిలో డ్రిల్లు మాస్టారు, చర్చిలో పాటల బృందానికి పెద్ద, ఆగస్టు పదిహేనుకు పిల్లల బ్యాండు ఆయనే తయారుచేసేవారు.

క్యాంటీనులో బల్లలు కలిపి తెల్లగుడ్డ పరిచారు. ముగ్గురికీ దండలు వేశారు, శాలువాలు కప్పారు, స్వీటు డబ్బాలు చేతికిచ్చారు. ఫోటో తీశారు. ఆ తర్వాత పళ్ళెంలో తాంబూలం మాదిరిగా మూడు విజిళ్ళు పెట్టి, కాస్త వాయించి ఎలా ఉందో చెప్పమని ఎండీ గారు చేతులు జోడించారు.

భుజం మీద కొత్త శాలువా ఉండగా, నోట్లో ఇంకా మైసూర్‌పాకు కరుగుతుండగా, పెద్దమనిషి ఎవరైనా ఏం చెబుతాడు? శర్మ గారు ఒక చిన్న ఆలాపన తీసి, నాదం దివ్యంగా ఉందన్నారు. జహంగీర్ మాస్టర్ రెండుసార్లు ఊది "బహుత్ బఢియా" అన్నారు. ప్రభుదాస్ సార్ దేవుని కృప అన్నారు. ఎండీ గారి ముఖం వెలిగిపోయింది. స్టెనో అన్నీ రాసుకుంది. నా చెవికి ఆ మూడింటిలోనూ బుస్సుమన్న చప్పుడు వినిపించింది గానీ, నేను సంగీతం తెలిసినవాణ్ణి కాదు. దివ్యనాదమంటే అలాగే ఉంటుందేమో అనుకున్నాను.

అతిథులు వెళ్ళిపోయాక బల్ల చూశాను. శాలువాలు వెళ్ళాయి, డబ్బాలు వెళ్ళాయి, దండలు కూడా వెళ్ళాయి. ఉంచుకోమని ఇచ్చిన మూడు విజిళ్ళూ పళ్ళెంలోనే ఉన్నాయి. తనిఖీ వృత్తిలో ఉన్నవాడికి ఇంతకంటే పెద్ద రిపోర్టు అక్కరలేదు. నమూనాల పార్శిల్ రెండు రోజులు ఆపమని ఎండీ గారిని అడిగాను. ముగ్గురు విద్వాంసులు మెచ్చుకున్నాక నీ అనుమానమేమిటని ఆయన కాస్త కోప్పడ్డారు. చివరికి సరే అన్నారు.

విజిల్ జేబులో వేసుకుని స్కూటరు మీద ముందు శర్మ గారింటికి వెళ్ళాను. నిజం చెప్పమని బతిమాలాను. బాగుందన్నారు. ఏ లోపమూ లేదా అంటే, ఉన్నా చెప్పదగినంత లేదన్నారు. కాఫీ ఇచ్చారు. లేచి వస్తూ, మాటవరసకు, జహంగీర్ మాస్టర్ కూడా చాలా బాగుందన్నారండీ అన్నాను.

శర్మ గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఆయన అన్నారా? చూడండీ, నేనెవరినీ ఏమీ అనను. కానీ జనరేటరు మోతలో వాయించే చెవికి ఇందులో ఏం వినిపిస్తుంది? ఇలా ఇవ్వండి" అని విజిల్ లాక్కున్నారు. తర్వాత చాలాసేపు నన్ను కదలనివ్వలేదు. రంధ్రాలు చిన్నవి, గమకం జారదు. కింది షడ్జమం నిలబడదు. అన్నిటికంటే ముఖ్యం, స్వరం కంటే ముందు గాలి వినిపిస్తోంది. "ఇది నాదం కాదండీ, నిట్టూర్పు" అన్నారు.

దారి దొరికింది. సంగారెడ్డి వెళ్ళాను. జహంగీర్ మాస్టర్ బ్యాండు దుకాణం ముందు కోట్లు ఆరేసి, డోలు తోలు బిగిస్తున్నారు. నేను విజిల్ సంగతి అడగనేలేదు. శర్మ గారు నాదం దివ్యమన్నారు, మీరూ అదే మాట మీద ఉన్నారు గదా అన్నాను.

"పంతులుగారు దివ్యమన్నరా? ఫ్యాన్ కింద కూసొని వాయించెటాయనకు దివ్యమే ఉంటది సార్! మీ ఎండీ సాబ్ ఇజ్జత్ జేసిండు, నేను నోరు మూసుకున్న. గిది ఈల కాదు, పంక్చరైన ట్యూబు. ఊదుతుంటె గాలంత పక్కకే పోతది. బరాత్‌ల గిది వాయిస్తె పెళ్ళికొడుకు గుర్రం దిగొచ్చి నన్ను కొడ్తడు" అన్నారు.

ప్రభుదాస్ సార్ దగ్గరికి వెళ్ళేసరికి నా పద్ధతి ముదిరింది. ఇద్దరూ మెచ్చుకున్నారని, బడిపిల్లలకు ఇంతకంటే మంచిది అక్కరలేదని కూడా వాళ్ళన్నారని కాస్త కల్పించి చెప్పాను. ఆ కల్పన పనిచేసింది. పిల్లలంటే అంత చులకనా అని ఆయన లేచారు. బీరువా తీసి, బడి బ్యాండులోని పాత విజిల్ ఒకటి తెచ్చి మాదాని పక్కన పెట్టారు.

"పిల్లలు కొరుకుతరు, కిందేస్తరు, దాంతోని కొట్టుకుంటరు. గట్టిగుండాలె, చవుకగుండాలె, మోగాలె. మీది గట్టిగుంది, చవుకనే అంటున్నరు, ఇగ మోగుడే లేదు. గీ కిటికి కాడ చెయ్యి పెట్టి సూడుండ్రి సార్. మాదాని అంచు గోరుకు తగులుతది. మీదేంది, గింత నున్నగ సబ్బుబిళ్ళ లెక్కుంది?" అన్నారు.

మూతి కింద చిన్న కిటికీ ఉంటుంది. ఊదిన గాలి దాని కింది అంచుకు తగిలి చీలితేనే స్వరం పుడుతుంది. ఆ అంచు పదునుగా ఉండాలి. ముగ్గురూ మిగతా అన్ని విషయాల్లోనూ ఒకరితో ఒకరు ఏకీభవించలేదు. ఒకరికి రంధ్రాలు చిన్నవి, ఒకరికి శబ్దం చాలదు, ఒకరికి మూతి గట్టిగా ఉండాలి. గాలి దగ్గర మాత్రం ముగ్గురి తిట్లూ కలిశాయి.

ఫ్యాక్టరీకి తిరిగొచ్చి డ్రాయింగు విప్పాను. మా కంపెనీ డ్రాయింగు కాగితాలన్నిటి అడుగునా ముందే అచ్చు వేసి ఉంచిన వాక్యం ఒకటుంది. పదునైన అంచులన్నీ తొలగించాలి అని. ఏంటెన్నాలకు అది సరైన నియమం, లేకపోతే వేళ్ళు తెగుతాయి. కొనుగోలుదారు డ్రాయింగును మా కాగితం మీదికి ఎక్కించినప్పుడు ఆ వాక్యం తనంతట తాను విజిల్‌కూ వర్తించింది. యాదమ్మ బెంచీ దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. విజిల్ గొంతును మేము ఎంతో శ్రద్ధగా, ఆకురాయితో, చేత్తో, ఒక్కొక్కటిగా అరగదీశాం. బెంచీకి వెళ్ళని గొట్టం ఒకటి, కిటికీ కోసే ప్రెస్ షాపు నుంచి తెప్పించి ఊదించాను. నాలాంటి మొద్దు చెవికి కూడా తేడా తెలిసింది.

ఎండీ గారు విని సంతోషించి, వెంటనే లెక్కలో పడ్డారు. అరగదీయడం అక్కరలేకపోతే ఆ బెంచీ ఎందుకు అన్నారు. యాదమ్మ అక్కడే, తలుపు దగ్గర, నమూనాల ట్రే పట్టుకుని నిలబడి ఉంది. బెంచీని కాపాడే ఆర్డరు కోసం తిరిగి తిరిగి, బెంచీని ఊడగొట్టే సమాచారం తెచ్చానే అనిపించి నా మీద నాకే ఒళ్ళు మండింది.

అరగదీయని గొట్టాలు పూత షాపుకు వెళ్ళాయి. పూత వేయడానికి వాటిని తిరిగే పీపాలో వందలకొద్దీ వేసి దొర్లిస్తారు. బయటికొచ్చాక ఊదిస్తే మళ్ళీ అదే బుస్సు. పీపాలో ఒకదానికొకటి రాసుకుని అంచులన్నీ మొద్దుబారాయి. పూత అయ్యాక ప్రతి విజిల్ కిటికీనీ చేత్తో పదును పెట్టడం తప్ప మార్గం లేదు. ఆ పని చేయగల చేతులు యూనిట్‌లో ఒక్క బెంచీ మీదే ఉన్నాయి. ఎండీ గారికి ఈ సంగతి చెప్పేటప్పుడు, ఒప్పుకుంటాను, నా గొంతు అవసరానికి మించి పెద్దదైంది.

యాదమ్మకు చెబితే కాసేపు నన్ను అనుమానంగా చూసింది. "ఇన్నొద్దులు మొండి చేసినం, ఇగ పదును చేస్తం. మాకేంది సార్? గీ రెండిట్ల ఏది కరెక్టో మీరు జెర గట్టిగ అనుకోండ్రి, మల్ల మార్చకుండ్రి" అంది.

రెండోసారి ముగ్గురినీ పిలిచినప్పుడు శాలువాలు స్టోర్సులో పెట్టి తాళం నా దగ్గర ఉంచుకున్నాను. ముగ్గురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, కొత్త విజిళ్ళిచ్చి, నీళ్ళు మాత్రమే పెట్టాను. మధ్యాహ్నమంతా పోట్లాడుకున్నారు. గమకం లేని వాద్యం వాద్యమేనా అని శర్మ గారు, వినపడని గమకం ఎవరికోసమని జహంగీర్ మాస్టర్, ఇద్దరికీ పిల్లలతో పనిలేదని ప్రభుదాస్ సార్. మర్యాద పోతోందని ఎండీ గారు రెండుసార్లు లేవబోతే నేను కూర్చోబెట్టాను. గాలి సంగతి ఈసారి ఎవరూ ఎత్తలేదు. జహంగీర్ మాస్టర్ తిడుతూనే వాయిస్తున్నారు, ఆపమన్నా ఆపడం లేదు.

వాళ్ళన్నవి అన్నట్టే టైపు చేయించి పంపాం, పెళ్ళికొడుకు గుర్రం మాట ఒక్కటి తప్ప. ఆర్డరు ఫ్యాక్సులో వచ్చింది. కిటికీ అంచు దగ్గర పూత పోయి ఇత్తడి కొంచెం కనిపిస్తోందని రాసి, ఫరవాలేదని కూడా రాశారు. కొన్నేళ్ళ తర్వాత ఇంకెవరో మా కంటే చవకగా చేసి ఆ ఆర్డరు తన్నుకుపోయేదాకా రెండో షిఫ్టు నడిచింది.

సరుకు ఎలా ఉందని అడిగితే మనిషి మర్యాద చెబుతాడు. ఫలానావాడు బాగుందన్నాడు, నిజమేనా అని అడిగితే ఉన్నది చెబుతాడు. ఆ తర్వాత నా తనిఖీలన్నీ రెండో ప్రశ్నతోనే నడిపాను. నా పదవీ విరమణ సభలో ఎండీ గారు మైకు పట్టుకుని నేను చాలా శాంతస్వభావుణ్ణని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక యాదమ్మను పక్కకు పిలిచి, ఎండీ గారు ఇలా అన్నారు, విన్నావా అని అడిగాను.

"ఆయన ఆఫీసు రూముల ఉంటడు, ఆయనకేమెరుక సార్? మీ స్కూటర్ సప్పుడు గేటు కాడ ఇనవడితె మేం తాగే చాయ్ కూడ ఇడిశిపెట్టేటోళ్ళం" అంది.

ఆ రిపోర్టును మార్పులేవీ లేకుండా ఆమోదించాను.