ఈశాన్య మూల గాజు పట్టీ

పల్నాడు వేరే జిల్లా అయిన తరువాత నరసరావుపేటలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పనిచేశాను. జనం నోట్లో ఆ పేరు డీఈ. అది నా సర్వీసులో ఆఖరి పోస్టింగు. ఆ ఏడు వానాకాలం చివర కారంపూడి వైపు ఒక వాగు పొంగి ఊళ్ల మీద పడింది. నీళ్లు తీశాక, జనం గుమిగూడే ప్రతి కట్టడాన్నీ చూసి వాడుకోవచ్చో లేదో రాసిమ్మని మాకు ఉత్తర్వు వచ్చింది. దాన్ని స్టెబిలిటీ సర్టిఫికెట్ అంటారు. కట్టడం బాగుంటే సంతకం పెట్టాలి, లేకపోతే తాళం వేయించాలి. బళ్లూ పంచాయతీ ఆఫీసులూ చూసుకుంటూ వాగు ఒడ్డున ఉన్న రాతి చర్చికి వెళ్లాను.

పాత కట్టడం. మూరెడుకు మించిన మందంతో పల్నాటి రాతి గోడలు, మధ్యలో గానుగ సున్నం, పైన టేకు దూలాలు, పెంకులు. నీళ్లు కిటికీల దాకా వచ్చి పోయాయి. నేను వెళ్లేసరికి సంఘంవాళ్లు ఒండ్రంతా ఎత్తిపోసి, బల్లలు కడిగి ఎండలో పెట్టారు. నాలుగు గోడలకూ పగుళ్లున్నాయి. ఏది పాతదో ఏది వరద చేసిందో చూపుకు తెలియదు.

సున్నపు గోడ బలహీనత తడిసినప్పుడు కాదు, ఆరేటప్పుడు బయటపడుతుంది. పైగా అక్కడ పునాది కింద నల్లరేగడి. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, ముడుచుకునేటప్పుడు పైనున్న బరువును కూడా కిందికి దించుతుంది. అందువల్ల చూసిన రోజునే అవుననీ కాదనీ చెప్పడం ఇంజనీరు చేయవలసిన పని కాదు.

సంఘంలో అప్పటికే రెండు పక్షాలు. కుర్రకారు పాతది పడగొట్టి పిల్లర్లు లేపి స్లాబు వేద్దామంటున్నారు. ఎవరో కాంట్రాక్టరు రంగుల ప్లాను కూడా తెచ్చి చూపించాడు. పెద్దవాళ్లు రాయి కదిపితే ఊరుకోమంటున్నారు. మధ్యలో పాస్టరుగారు అడకత్తెరలో పోకచెక్క. పెద్దల తరఫున మాట్లాడేది సంఘ పెద్ద ప్రకాశం, ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైనవాడు. ఆయనకంటే గట్టిగా మాట్లాడేది స్త్రీల సమాజానికి పెద్దయిన సువార్తమ్మ.

"వేరే ఏ గుళ్లోకీ మమ్మల్ని అడుగు బెట్టనీని రోజుల్లో మా తాతలు కట్టుకున్న గుడి ఇది నాయనా. కూలికి పొయ్యొచ్చి, పొద్దుగూకినాక రాళ్లు మోశారంట. నీ సంతకం లేదని దీన్ని మిషనుతో పడగొడతారా?" అని ఆమె అడిగింది. నేను తాళం వేయిస్తే కుర్రకారు మాటే నెగ్గుతుందని ఆ ముసలామె భయం.

పగుళ్ల మీద గాజు పట్టీలు పెట్టించాను. మా వృత్తిలో పాత పద్ధతి అది. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్క పెట్టి రెండు కొసలనూ సిమెంటు ముద్దతో గోడకు అతికిస్తారు. గాజు సాగదు, వంగదు. గోడ వెంట్రుకవాసి కదిలినా టప్పున పగులుతుంది. కారంపూడిలో ఫొటోలకు ఫ్రేములు కట్టే మస్తాన్ గాజు కోసి తెచ్చి అతికించాడు. ప్రతి పట్టీ మీదా నేను మేకుతో తేదీ, పొడి అక్షరాలు గీశాను. అది నాకు అలవాటు. క్రిస్మస్‌కు లోపల ఆరాధన జరుపుకుంటామని ప్రకాశం అడిగితే, అప్పటిదాకా పట్టీలు నిలిస్తే సంతకం పెడతాననీ, పగిలితే పెట్టేది లేదనీ చెప్పాను. రోజూ పట్టీల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపమన్నాను. ఆయన సరేనన్నాడు.

రోజూ పొద్దున్నే ఫొటోలు వచ్చేవి. గాజు నిక్షేపంగా ఉండేది. నాకు సంతోషం కలగాలి, కలగలేదు. ఫోను మోగితే గోడ పడిందేమోనని ఉలిక్కిపడేవాణ్ని. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మా ఆవిడ, "గుళ్లోవాళ్లకు లేని బెంగ మీకెందుకు?" అని దెప్పేది. నా బెంగకు కారణం పొలాలు. రొంపిచెర్ల మీదుగా వెళ్లినా, మాచర్ల రోడ్డున వెళ్లినా, పత్తి చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు. అదే నేల, అదే ఎండ. చేను ఇంతగా నోరు తెరిస్తే చర్చి కింద నేల మాత్రం ఎలా కదలకుండా ఉంటుంది? నల్లరేగడికి భక్తి ఉండదు కదా.

క్రిస్మస్ దగ్గరపడింది. సర్టిఫికెట్ టైపు చేయించాను, సంతకం ఒక్కటే తక్కువ. చెయ్యి రాక, ఎవరికీ చెప్పకుండా జీపెక్కి వెళ్లాను. చర్చికి కొత్తగా సున్నం కొట్టారు, గుమ్మానికి కాగితపు నక్షత్రం కట్టారు. లోపల ఆడవాళ్లు పాటలు నేర్చుకుంటున్నారు. నేను గోడల వెంట తిరుగుతూ ఒక్కో పట్టీనీ జేబురుమాలుతో తుడిచి చూశాను. అన్నిటి మీదా నా గీతలున్నాయి. వాగువైపు ఈశాన్య మూలలో ఉన్న పట్టీ మాత్రం నున్నగా ఉంది. ఎంత తుడిచినా అక్షరం లేదు.

ఆడవాళ్లను బయటికి రమ్మన్నాను. ప్రకాశం వచ్చి పక్కన నిలబడ్డాడు. అక్కడే మస్తాన్‌కు ఫోను చేసి స్పీకరు పెట్టాను.

"ఆ మూలదా సార్? అదెప్పుడో పగిలిందిగా! రెండు మాట్లు మార్చా. పెద్దాయన వచ్చి పిలిస్తే కాదంటానా? దేవుడి గుడి గదా, రూపాయి గూడా తీసుకోలా," అన్నాడు మస్తాన్ హుషారుగా. "అయినా సార్, ఈశాన్యం దిగితే మంచిదే అంటారుగా మీ వాస్తులో?"

నాకు ఒళ్లు మండిపోయింది. థర్మామీటరు విదిలిస్తే జ్వరం తగ్గుతుందా అని ప్రకాశం మీద విరుచుకుపడ్డాను. ఇంతమంది ఆడవాళ్లను, పిల్లలను ఆ గోడ కింద కూర్చోబెట్టేవాడివా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. నేను ఆయాసపడి ఆగాక, నెమ్మదిగా మాట్లాడాడు.

"గాజు పగిలితే సంతకం పెట్టనని మీరే అంటిరి గదా సార్. మీ సంతకం లేకపోతే పొక్లెయినొస్తది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఇంక పగిలిందని ఏ నోటితో చెప్పమంటారు?"

మళ్లీ గోడల వెంట తిరిగాను. అప్పుడు ఇంజనీరు బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. మిగతా పట్టీలన్నీ నేను పెట్టినవే, ఒక్కటీ చెక్కు చెదరలేదు. ఆ మూలది మాత్రమే రెండుసార్లు పగిలింది. అంటే కట్టడమంతా దిగడం లేదు. వాగు నీళ్లు పునాది కింద కోసుకుపోయిన ఆ ఒక్క మూలే దిగుతోంది. మూడు మూలలు బాగున్న గుడిని పడగొట్టమని ఏ ఇంజనీరూ రాయడు. వాళ్లు దాచిన ఆ పగులే గుడిని కాపాడే సాక్ష్యం. మొదటిసారి పగిలిన రోజునే చెప్పి ఉంటే, అప్పుడే ఆ మూలకు ఆసరా పెట్టేవాళ్లం.

ఆ మాట ప్రకాశానికి వివరంగా చెప్పాను. సువార్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. "అంటే పడగొట్టరా?" అని అడిగింది. ఒక మూల విప్పి మళ్లీ కడతాం, మిగతాది అలాగే ఉంటుందని చెప్పాను. "ఆ ముక్క మొదట్నే జెప్పుంటే ఆ గాజు ముక్కలు తెచ్చి నీ చేతిలో పెట్టేదాన్ని గదయ్యా," అని నన్నే కోప్పడింది.

సర్టిఫికెట్ మళ్లీ రాశాను. ఈశాన్య మూల విప్పి కట్టేవరకూ లోపలికి ఎవరూ వెళ్లరాదు, తక్కినది నిలుపుకోదగినది అని. తలుపుకు తాళం వేయించాను. క్రిస్మస్ ఆరాధన బయట షామియానా కింద జరిగింది. నన్నూ పిలిచారు, వెళ్లాను. సువార్తమ్మ నా వైపు చూడలేదు.

పండుగ వెళ్లాక పని మొదలైంది. దూలాల కింద ఆసరాగా సర్వి బాదులు నిలిపి, ఆ మూల రాళ్లకు రంగుతో అంకెలు వేసి ఒక్కొక్కటిగా దించారు. రేగడి దాటి గట్టి మొరం తగిలేదాకా తవ్వించాను. సిమెంటు వద్దన్నాను. పాత సున్నపు గోడలోని తడి బయటికి పోవాలి, సిమెంటు దాన్ని పోనివ్వదు. పిడుగురాళ్ల బట్టీల నుంచి సున్నం తెచ్చి, ట్రాక్టరుకు గానుగ కట్టి ఇసుకతో నూరారు. వెల్దుర్తి వైపు నుంచి సున్నం పని తెలిసిన మేస్త్రీ వచ్చాడు. రాళ్లు మోయడానికి ఇంటికొకరు వంతున వచ్చారు. స్లాబు కావాలన్న కుర్రాళ్లే ఎక్కువ మోశారు. అయినా రోజూ ఎవరో ఒకరు ఎప్పుడు ఆరుతుంది, ఎప్పుడు తలుపు తీస్తారు అని వేధించేవాళ్లు. ఆరినప్పుడు ఆరుతుంది అని కసిరేవాణ్ని. నిజానికి వాళ్లకంటే నాకే తొందర, రిటైర్మెంటు ముంచుకొస్తోంది. తలుపు తీయవచ్చని సంతకం పెట్టే అదృష్టం నాకు దక్కలేదు. నా తరువాత వచ్చిన డీఈ పెట్టాడు.

మూల కట్టాక అక్కడ మళ్లీ పట్టీ పెట్టించి వచ్చాను. మరుసటి వేసవిలో ప్రకాశం ఫోను చేశాడు. "సార్, పగిలింది. ముక్కలు ముట్టుకోలా. ఆ పక్కన ఎవర్నీ కూర్చోనియ్యట్లా. మీరొచ్చి చూడండి." బస్సెక్కి వెళ్లాను. కొత్త గోడ సర్దుకోవడమే, భయం లేదు. ఆ మాట చెబితే ఆదివారం ఆ మూలలో మళ్లీ చాపలు పరిచారు.

పట్టీ మార్చడం తప్పే, ఇప్పటికీ అదే అంటాను. కానీ మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా అడిగితే ఒక సంగతి చెబుతాను. గాజు పెట్టేముందు ఆ కట్టడం ఎవరిదో వాళ్లను కూర్చోబెట్టి, పగిలితే ఏం చేస్తామో చెప్పండి. పగిలితే ఏం పోతుందో మాత్రమే చెప్పి వస్తే, ఆ గాజు ఎప్పటికీ పగలదు. గోడ మాత్రం పడుతుంది.